అద్దాలక్క నవ్వమన్న ఫోటో

అద్దాలక్కకు ఆ పేరు పెట్టింది ఆమె వ్యాన్‌లో ఎక్కిన ఆడవాళ్లే. రోడ్డు ముందుంటే ఈవిడ చూపంతా వెనక్కే. కుడి అద్దం, ఎడమ అద్దం, నెత్తిమీది అద్దం, మళ్లీ కుడి అద్దం. కూరగాయల బండి వెనక పడ్డా సరే, రెండు మలుపులు దాటాక కూడా అది వెనకే ఉందంటే మూడో మలుపు తిప్పేస్తుంది. ఇంట్లోనూ అదే వరస. గిన్నెలు కడుగుతూ భుజం మీదుగా గుమ్మం వైపు ఓ చూపు విసురుతుంది. వాళ్లింట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో పెళ్లినాటిది. అందులో పెళ్లికొడుకు బుద్ధిగా కెమెరాలోకి చూస్తుంటే, పెళ్లికూతురు పక్కకి చూస్తోంది. అక్కడెవరో కారు ఆపి ఇండికేటర్ ఆర్పకుండా వదిలేశారట. "నాకంటే నీకు ఆ కారే నచ్చిందని అప్పుడే అర్థమైంది," అంటాడు వాళ్లాయన, ఆ ఫోటో కంటపడినప్పుడల్లా. ఆయన టైలరు. ఓ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది గానీ ఆ కాలు చేయాల్సిన పని కూడా నాలుకే చేస్తుంది.

ఆవిడ నాన్న లారీ డ్రైవరు. కొడుకు కోసం చూసి చూసి విసిగి, ఉన్న కూతురికే స్టీరింగ్ అప్పజెప్పాడు. "బండి నడపడం ఎవడికైనా వచ్చుద్దే. నిన్నెవరూ గుర్తుపెట్టుకోకుండా నడపడం, అదీ డ్రైవింగంటే. ఊరికే హారన్ కొట్టేవాణ్ణి అందరూ గుర్తుపెట్టుకుంటారు," అనేవాడు. ఆ పాఠం కూతురికి బాగా వంటబట్టింది. బేకరీ వాళ్ల వ్యాన్ నడిపింది, బడి పిల్లల బస్సు నడిపింది, ఎక్కడా ఓ గీత పడలేదు, ఎవరి నోట్లోనూ పడలేదు. చివరికి టీచరమ్మ కంటపడి లాండ్రీ వ్యాన్ ఎక్కింది.

లాండ్రీ అంటే నిజంగా లాండ్రీయే. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతారు. కాకపోతే ఆ ఉతికేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, వెనక గదుల్లో పిల్లల్ని పడుకోబెట్టుకునేవాళ్లు అందరూ మొగుళ్ల చేతుల్లో చావు తప్పించుకుని వచ్చినవాళ్లు. ఆ ఇల్లు ఊరి నడిబొడ్డున ఉంది, ఊళ్లో ఎవరికీ తెలియదు. దాన్ని నడిపే టీచరమ్మ బడి నుంచి రిటైరైన మనిషి. వ్యాన్ మీద నీలి అక్షరాలతో 'లాండ్రీ' అని మాత్రం ఉంచి, కింద పెయింటరు రాసిన ఫోన్ నంబరును తనే చాకుతో గీకి పారేసింది. బండి కాగితాల్లో ఉన్నది కూడా ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి అడ్రసే.

టీచరమ్మ నోటికి ఎంత పదునో వ్యాన్ విషయంలో అంత పట్టింపు. ముందు సీట్లో ఎవరూ కూర్చోకూడదు, అందరూ వెనక దుప్పట్ల మూటల మధ్యే. ఎక్కినామె కథ డ్రైవరు అడగకూడదు. ఆమె చెప్పబోయినా రేడియో పెట్టేయాలి. తెలియని సంగతి ఎవరు నిలదీసినా నోరు జారదు కదా అని ఆమె ఉద్దేశం. ఇక పోలీసులు ఆపితే ఏం చేయాలో మాత్రం అద్దాలక్కకు ఎవరూ నేర్పలేదు, నాన్న నేర్పిందే చాలు. వాదించదు. ఎందుకని అడగదు. కాగితాలు చేతికందే చోటే ఉంటాయి. ఓ చిన్న నవ్వు నవ్వి, ఎండలో నిలబడ్డ మనిషికి మంచినీళ్ల సీసా అందిస్తుంది. వాళ్లు నీళ్లు తాగుతారు, వ్యాన్ వెళ్లిపోతుంది, మరో బండి వచ్చేసరికి ఈవిడ ముఖం మరిచిపోతారు. ఆ ఇంటి ప్రాణమంతా ఆ మరుపులోనే ఉంది.

ఆ రోజు వ్యాన్‌లో ఉన్నది ఓ నర్సు, ఆమె నాలుగేళ్ల కూతురు. ఇంటికి వచ్చిన కొత్తలో తలుపు చప్పుడైతే మంచం చాటుకి పరిగెత్తింది కూతురు కాదు, తల్లి. ఎవరైనా చెయ్యెత్తి బీరువా మీది వస్తువు తీసుకోబోయినా తల వంచేసుకునేది. అలాంటి మనిషి ఆ రోజు ఊరి చివర చిన్నపిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించుకుని వస్తోంది. మర్నాడే చేరమన్నారు. రాత్రి డ్యూటీ లేదన్నారు, పిల్లని పక్కనే ఉన్న బడిలో వేసుకోవచ్చన్నారు.

వ్యాన్ వెనక భాగానికి కిటికీలు లేవు. సబ్బు వాసన, ఉక్కపోత, దానికి తోడు గతుకులు. పిల్ల ఓ దుప్పటి మీద వాంతి చేసుకుంది, కాసేపాగి ఇంకో దుప్పటి మీద చేసుకుంది.

"అక్కా, కాస్త ముందు కూర్చోనా? దీనికి గాలి తగిలితే పడుకుంటుంది," అంది నర్సు వెనక నుంచి.

అద్దాలక్క బండి పక్కకి ఆపి మూడు అద్దాలూ చూసింది. ఎవరూ లేరు. పిల్ల ముఖం చూస్తే వాడిపోయి ఉంది. ఎంత నియమమైనా పసిపిల్ల ముఖం ముందు ఎంతసేపు నిలబడుతుంది? "రామ్మా," అంది.

గాలి తగలగానే పిల్ల తల్లి ఒళ్లో నిద్రపోయింది. నర్సు కిటికీలోంచి షాపుల్ని చూస్తూ మాట్లాడుతూనే ఉంది. "పేరు రాసిన బిళ్ల ఇస్తామన్నారక్కా, కోటు మీద పెట్టుకోడానికి. నా పేరొద్దు, ఉత్త 'సిస్టర్' అని రాయించండి అన్నాను. వాళ్లు నవ్వారు గానీ సరేనన్నారు." అద్దాలక్క రేడియో పెట్టాలి. పెట్టలేదు. ఆ గొంతులో ఆ సంతోషం వినడానికి ఆవిడకే ముచ్చటగా ఉంది.

వంతెన దిగగానే చెకింగ్. సామాను బళ్లన్నిటినీ వరసగా ఆపుతున్నారు. వీళ్ల దగ్గరికి వచ్చిన కానిస్టేబుల్ కుర్రతనం ఇంకా పోని మనిషి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అద్దాలక్క మామూలుగా నవ్వింది, మామూలుగా సీసా అందించింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని, లైసెన్స్ చూశాడు.

"ఇది ముఖం పక్కన పట్టుకోండక్కా, ఫోటో తీయాలి."

ఎందుకు అన్న మాట అద్దాలక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో పోలీసుని అడగని మాట, అలవాటు కొద్దీ అక్కడే ఆగిపోయింది. అతనే చెప్పాడు. "కొత్త ఆర్డరు. ఒకళ్ల లైసెన్సు మీద ఇంకొకళ్లు తోలేస్తున్నారంట. మనిషి, లైసెన్సు, నంబరు ప్లేటు మూడూ ఒకటే ఫోటోలో పడాలన్నారు." చేతిలో ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన కెమెరా కాదు, అతని సొంత ఫోను. దాని తొడుగు మీద కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లి బొమ్మ ఉంది.

అతను నాలుగడుగులు వెనక్కి వేసి ఫోను పైకెత్తాడు. నర్సు చటుక్కున తల దించుకుని, పిల్ల జుట్టులో ముఖం దాచుకుంది. అద్దాలక్క కంటికి అది చూస్తూనే తప్పుగా కనిపించింది. దాక్కున్న మనిషినే ఎవరైనా రెండోసారి చూస్తారు. పెదాలు కదలకుండా అంది. "తలెత్తు. నవ్వు. దాక్కుంటే అనుమానపడతాడు."

నర్సు తలెత్తి నవ్వింది. ఉద్యోగం దొరికిన రోజు కదా, నవ్వు కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. పళ్లు కనిపించేలా, కళ్లు చిన్నవయ్యేలా నవ్వింది. అతను ఫోటో చూసుకుని, బాగా వచ్చిందన్నట్టు బొటనవేలు చూపించి, వెళ్లమన్నాడు.

రెండు వీధులు దాటాక నర్సు అడిగింది. "అక్కా, ఆ ఫోటో ఎవరెవరు చూస్తారు?"

"ఎవరు చూస్తారమ్మా, వాళ్ల ఆఫీసువాళ్లు."

"గ్రూపులో పెడతారా?"

"ఏ గ్రూపు?"

నర్సు పిల్ల చెవుల మీద కొంగు కప్పింది. తర్వాత మెల్లగా, ఎవరో నిద్రపోతున్న గదిలో చెప్పినట్టు చెప్పింది. "మా ఆయనకి క్రేన్ బళ్లున్నాయక్కా. ట్రాఫిక్ వాళ్లు పట్టుకున్న బళ్లు లాక్కెళ్లేది ఆయనే. ఆపిన ప్రతి బండి ఫోటో వాళ్ల గ్రూపులో పడుతుంది. ఆ గ్రూపు ఆయన ఫోన్లో ఉంది. తింటూ తింటూ కూడా చూస్తూనే ఉండేవాడు."

అద్దాలక్క చూపు మూడు అద్దాల్లోకీ పరిగెత్తింది. బ్రేకు మీద కాలు వేసిందో లేదో ఆవిడకే తెలియలేదు. ఎవరి కథా అడగొద్దన్న నియమం ఎంత మంచిదని ఇన్నాళ్లూ అనుకుందో, ఇప్పుడు అదే అంత కొంప ముంచింది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ వంతెన వైపు బండి పోనిచ్చేదా? తల దించుకున్న మనిషిని, పనిగట్టుకుని మరీ, తలెత్తమని చెప్పేదా?

ఆ ఆర్డరు రాసిన మహానుభావుడెవరో గానీ, ఫోటో తీయమన్నాడు, అంతే. తీసింది ఎక్కడ దాచాలి, ఎన్నాళ్లుంచాలి, ఎవరు చూడొచ్చు, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల సంగతేమిటి, అందులో ఒక్క ముక్క లేదు. పెళ్లికి ఫోటోలు తీసేవాడైనా ఆల్బం ఎవరి చేతిలో పెట్టాలో అడుగుతాడు. అంతపాటి ఆలోచన కూడా లేకుండా ఊళ్లో ఉన్న ముఖాలన్నీ పోగేస్తున్నారు.

లాండ్రీ వెనక గుమ్మంలోనే అద్దాలక్క అంతా చెప్పేసింది. "తప్పు నాదే టీచరమ్మా. ముందు కూర్చోబెట్టింది నేనే, నవ్వమన్నది కూడా నేనే."

టీచరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోను తీసి ఎవరికో రెండు మాటలు చెప్పి, నర్సు వైపు తిరిగింది. "గంటలో బండి వస్తుంది. వేరే ఊరు. బట్టలు సర్దుకో."

నర్సు పిల్లని భుజాన వేసుకుని అలాగే నిలబడింది. "రేపు జాయినవ్వాలండీ," అంది. ఎవరి మీదా కోపం లేదు ఆ గొంతులో. మర్నాడు వాన పడుతుందేమోనని అన్నట్టు అంది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. అద్దాలక్కకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా.

"నేనెళ్లి ఆ అబ్బాయితో తీయించేస్తాను," అంది ముక్కు తుడుచుకుంటూ.

"వద్దు. ఇప్పుడది వంద ఫోటోల్లో ఒకటి. నువ్వెళ్లి అడిగావంటే వేలు పెట్టి చూపించినట్టే. ఆ క్రేన్ వాడు చూడకపోవచ్చు. చూడకూడదనే అనుకుందాం."

ఆ మాటలో న్యాయముంది. కానీ తప్పు చేసిన మనిషికి చేతులు ముడుచుకుని కూర్చోవడమంత శిక్ష ఇంకోటి లేదు. అద్దాలక్క సరేనంది. వ్యాన్ తాళం మేకుకి తగిలించి, ఇంటికని బయల్దేరి, వంతెన వైపు వెళ్లే బస్సెక్కింది.

కానిస్టేబుల్ గొడుగు నీడలో కూర్చుని బన్ను తింటున్నాడు. ఆవిణ్ణి గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. నీళ్లిచ్చిన అక్క అని తెలియగానే ముఖం వికసించింది. దారంతా వల్లెవేసుకుంటూ వచ్చిన అబద్ధం అద్దాలక్క అప్పజెప్పింది. మా ఓనరు బండిలో మనుషుల్ని ఎక్కించుకోనివ్వడు బాబూ, పాపం పిల్ల ఏడుస్తుంటే ఎక్కించుకున్నాను, ఆ ఫోటో ఆయన చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది, కాస్త తీసేయవా అని.

"దీనికంత దూరం నుంచి వచ్చారా? భలేవారే!" అన్నాడతను. మంచివాడు. బన్ను పక్కన పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోను తీశాడు. ముందు తన ఫోన్లో తీసేశాడు. తర్వాత గ్రూపు తెరిచాడు. తెర మీద ముఖాలు, ముఖాలు, ముఖాలు. లైసెన్సు బుగ్గకి ఆనించుకున్న ముసలివాళ్లు, హెల్మెట్ తీసి జుట్టు రేగిన కుర్రాళ్లు, పక్కన కూర్చున్న పెళ్లాలు, వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లలు. పైకి తోస్తూ పోతే ఎంతకీ తరగడం లేదు. మధ్యలో నవ్వుతున్న నర్సు. అతను ఆ ఫోటో మీద వేలు నొక్కిపట్టి, అందరి దగ్గరా పోయేలా తీసేశాడు.

"అయిపోయింది. హాయిగా వెళ్లండి."

అద్దాలక్క అతని చేతులు పట్టుకోబోయింది. అంతలో ఫోను టింగుమంది. పై ఆఫీసరు గ్రూపులోనే అడిగాడు, ఏం తీసేశావని. అక్కడ అందరూ ఖాళీగా ఉన్నారో ఏమో, ఇంకెవరో ఓ నవ్వు బొమ్మ పెట్టారు. ఆఫీసరు అడిగితే జవాబు చెప్పకుండా ఎలా ఉంటాడు? కానిస్టేబుల్ ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. అద్దాలక్క "బాబూ" అనేలోపే చెప్పేశాడు.

"ఏం లేద్సార్, ఇందాక లాండ్రీ వ్యాన్ అక్క. ఎవరినో తల్లినీ పిల్లనీ ఎక్కించుకుందంట. ఓనరు తిడతాడని పరిగెత్తుకుంటూ వచ్చింది పాపం. అందుకే తీసేశా."

మాట వెళ్లిపోయింది. ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో. నవ్వు బొమ్మలు ఇంకో నాలుగు పడ్డాయి. అతను కూడా నవ్వుతూ ఆవిడకు చూపించాడు. అప్పుడే వాటి కింద కొత్త మాట ఒకటి వచ్చింది. పక్కన చిన్న గుండ్రంలో పసుపు రంగు క్రేన్ బొమ్మ.

"ఆ లాండ్రీ ఎక్కడ?"

కాసేపాగి అదే క్రేన్ కింద ఇంకోటి. "దుప్పట్లు ఇవ్వాలి."

అద్దాలక్క ఆ క్రేన్ బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. కానిస్టేబుల్‌కి మాత్రం సంబరంగా ఉంది. "చూశారా, మీకు గిరాకీ కూడా దొరికింది! అన్న చాలా మంచోడక్కా, మా బళ్లన్నీ ఆయనే లాగుతాడు. ఎక్కడని చెప్పమంటారు?"

తెలియదంటే? లాండ్రీ డ్రైవరుకి లాండ్రీ తెలియకపోవడమేమిటి? ఏదో ఓ పేట పేరు చెబితే? వెళ్లి చూస్తాడు, ఉండదు, అబద్ధమని తేలిపోతుంది. అబద్ధమాడిందంటే దాచడానికి ఏదో ఉందన్నమాట. ఇక ఊరంతా జల్లెడ పడతాడు. చేతిలో పోలీసుల గ్రూపే ఉందాయె. వాడు వచ్చి తలుపు కొడితే ఆ తలుపు నిజంగా ఉండాలి. తీసిన మనిషి నిజంగా వ్యాన్ నడిపిన మనిషే అయి ఉండాలి. అక్కడితో దారి మూసుకుపోవాలి. ఆవిడకు తెలిసిన అలాంటి తలుపు ఒక్కటే ఉంది.

"మా ఆయన టైలర్ షాపులోనే బట్టలు తీసుకుంటాం బాబూ," అని తన ఇంటి గుర్తులు చెప్పింది. అతను ఒక్కొక్క మాటా జాగ్రత్తగా టైపు చేశాడు.

విషయం విన్న టైలరు గుడ్లు తేలేశాడు. "మన ఇంటి అడ్రసా? వాడికా? నీకేమైనా మతి పోయిందా!" అని కేకలేశాడు. కాసేపు కత్తెరతో బల్ల మీద కొట్టాడు. తర్వాత కుంటుకుంటూ లోపలికి వెళ్లి, అట్టపెట్టె మూత చింపి, దాని మీద సుద్దతో 'లాండ్రీ బట్టలు తీసుకోబడును' అని రాసి గుమ్మానికి వేలాడదీశాడు. తాను కుట్టాల్సిన బట్టల్లోంచే సగం తీసి మూటలు కట్టాడు. "అబద్ధం ఆడేటప్పుడు కాస్త అందంగా ఆడాలి," అన్నాడు.

టీచరమ్మకు ఫోన్ చేసి చెబితే చివరిదాకా వింది. తర్వాత, "వాళ్లు బయల్దేరిపోయారు. నువ్వింక ఇటు రాకు తల్లీ," అని పెట్టేసింది. ఎక్కడికి బయల్దేరారో ఆమె చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

పొద్దు వాలకముందే వచ్చాడు. క్రేన్ మీద కాదు, నడిచే వచ్చాడు. అద్దాలక్క మనసులో ఊహించుకున్న మనిషికీ ఇతనికీ పోలికే లేదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, మెత్తటి గొంతు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. చేతిలో దుప్పట్లు లేవు, ఓ చొక్కా ఉంది.

"చేతులు పొడుగయ్యాయి. కాస్త తగ్గించాలి," అన్నాడు టైలరుతో. కొలతలు ఇచ్చాడు. ఇచ్చాక అద్దాలక్క వైపు తిరిగి, "ఇందాక వ్యాన్ నడిపింది మీరేనా అక్కా?" అన్నాడు.

"నేనే బాబూ."

అతను ఫోను తీసి చూపించాడు. తీసేసిన ఫోటో. గ్రూపులో పోయింది గానీ, పడ్డ ఫోటో పడ్డట్టే తన ఫోన్లో దాచుకునే ఏర్పాటు అతనికుంది. "ఈమె ఎవరు?"

"నాకేం తెలుసు? బస్టాండుకి దారిలో చెయ్యెత్తింది. పిల్ల వాంతులు చేసుకుంటోందని ఎక్కించుకున్నాను. బస్టాండులో దిగిపోయింది."

"ఏ ఊరి బస్సు ఎక్కింది?"

"అడగలేదు బాబూ. ఎవరి గోల వాళ్లది."

మాట తడబడలేదు. చూపు తిప్పుకోలేదు. ఇన్నేళ్ల విద్య అంతా ఉపయోగపెట్టింది. వెనక మిషను తొక్కుతున్న టైలరు కూడా దారం తెగనివ్వలేదు. అతను తల ఊపాడు, నమ్మినట్టే ఉన్నాడు. ఫోను జేబులో పెట్టబోయి మళ్లీ చూశాడు. వేళ్లతో నర్సు ముఖాన్ని పెద్దది చేశాడు.

"ఆరేళ్లు నాతో ఉందక్కా ఈమె. పెళ్లి ఫోటోలో కూడా ఇలా నవ్వలేదు." గొంతు పెంచలేదు. "పారిపోయి, దారిలో ముక్కూ మొహం తెలియని బండెక్కిన మనిషి, పోలీసోడు ఫోటో తీస్తుంటే ఇలా నవ్వుతుందా? ఎవరో అయినవాళ్లు పక్కన ఉంటే తప్ప?"

అద్దాలక్క ఫోను మీదికి వంగి చూసింది. "ఏమో బాబూ, నవ్వు ముఖమేమో," అంది.

"కాదు," అన్నాడతను. "చొక్కా మెల్లగానే కుట్టండి. తొందరేం లేదు."

తొందర లేదన్నవాడు ఆ మర్నాటి నుంచీ ఆ వీధి వదల్లేదు. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి పసుపు క్రేన్ ఎవరిదో ఓ బండిని ముక్కు పట్టి ఈడ్చుకుంటూ షాపు ముందు నుంచి వెళ్లేది. అద్దాలక్క కూరగాయలకి వెళితే సందు మొదట్లో ఆగి ఉండేది. బస్సెక్కితే వెనక వచ్చేది. ఎక్కడికి వెళ్లినా అదే. ఒక్కసారైనా లాండ్రీ వైపు వెళుతుందని అతని ఎదురుచూపు. ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చేయాలి? ఆ క్రేన్‌కి పని ఇచ్చేది పోలీసులే. ఏమని చేయాలి? ఫోటో సంగతి చెప్పాలి, ఫోటోలో ఉన్నదెవరో చెప్పాలి, అక్కణ్ణుంచి ఎక్కడికి తీసుకెళ్లావంటే చెప్పాలి.

లాండ్రీ వ్యాన్‌కి రంగు మార్చారని, మరెవరో నడుపుతున్నారని మాత్రం తెలిసింది. అద్దాలక్క షాపులో కూర్చుని బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. సూది వేళ్లలో గుచ్చుకుంటే టైలరు, "స్టీరింగ్ కాదే అది, తిప్పకు," అని నవ్వించబోయేవాడు. ఆవిడకు నవ్వు రావడం మానేసింది. రోజంతా ఒకటే ఆలోచన. టీచరమ్మ మాట విని వెళ్లకుండా ఉంటే ఆ ఫోటో అతని కంటపడేదే కాదేమో. లేక అప్పటికే చూసేశాడేమో. నేనే తీసుకెళ్లి చూపించానా? దీనికి జవాబు ఈ జన్మలో తెలియదని తెలుసు. అయినా సూది గుచ్చిన ప్రతిసారీ మళ్లీ తనని తాను అదే అడిగేది.

ఒక్కటే నిలబెట్టింది ఆవిణ్ణి. అతను ఇక్కడ తిరుగుతున్నాడంటే, అక్కడ లేడు. ఎక్కడో తెలియని ఊళ్లో ఓ పిల్ల కిటికీ పక్కన కూర్చుని గాలి పీల్చుకుంటోంది. ఇతను తన వెంట తిరిగినన్నాళ్లూ తిరగనీ అనుకునేది.

చొక్కా ఎప్పుడో అయిపోయింది. కొక్కేనికి వేలాడి వేలాడి దుమ్ము పట్టింది. ఓ మధ్యాహ్నం అతను వచ్చి తీసుకున్నాడు. అక్కడే తొడుక్కుని, గోడకున్న నిలువుటద్దంలో చూసుకున్నాడు. చేతులు సరిగ్గా సరిపోయాయి. అద్దాలక్క బొత్తాల డబ్బా మీద వంగి, అలవాటు కొద్దీ అద్దంలోకే చూసింది. అతను కూడా అద్దంలోంచి ఆవిణ్ణే చూస్తున్నాడు.

"బాగా కుట్టారు," అని టైలరుకి చెప్పి, ఫోను పైకెత్తి, అద్దాలక్క ముఖానికి ఎదురుగా పట్టుకుని ఫోటో తీశాడు.

ఆవిడ లేచి నిలబడింది. ఒళ్లోని బొత్తాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఇన్నేళ్లుగా నాలుక చివర ఆగిపోయిన మాట ఈసారి ఆగలేదు.

"ఎందుకు తీస్తున్నావు? ఎవరికి పంపుతావు? నన్నడగకుండా నా ఫోటో ఎలా తీస్తావు?"

అతను తల వంచి ఫోన్లో ఏదో నొక్కుతూనే, మెత్తగా అన్నాడు.

"పోలీసాయన తీసినప్పుడు ఇవేవీ అడగలేదుగా అక్కా?"